కారు ఎందుకు ఆగింది?

పాత బండితో కాపురం చేసేవారికి ఓర్పు కావాలంటారు. మా ఇంటిలో పదమూడేళ్ళు ఉన్న పాత కారు మాకు ఓర్పుతో పాటు మరొక పాఠం కూడా నేర్పింది. అది నేర్చుకొనుటకు మాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలలో డబ్బు పోగొట్టుకొన్నాము, ఒక మంచి కుర్రవాని మనసు నొప్పించాము, మా అమ్మ కంటి ఆపరేషను తేదీ కూడా పోగొట్టాము. పాత బండి ఉన్న కుటుంబాలకు ఉపయోగపడునేమోనని ఆ సంగతి ఉన్నది ఉన్నట్లు వ్రాస్తున్నాము.

మేము భార్యాభర్తలము. మాలో ఒకరు హైస్కూలులో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవారు, మరొకరు ఇల్లూ పాడీ చూచుకొన్నవారు. మా ఊరు వినుకొండ దగ్గర ఒక పల్లె. 1996లో మేము సెకండ్ హ్యాండులో ఒక అంబాసిడర్ కారు కొన్నాము. అది 1984 మోడలు పెట్రోలు బండి, 1489 సి.సి. ఇంజను. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను బట్టి పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన బండ్లవి. 2014లో వాటి తయారీ ఆగిపోయింది గాని, ఆ రోజులలో పల్లె దారులకు దానిని మించిన బండి లేదు. అప్పటికి 108 అంబులెన్సులు కూడా రాలేదు గనుక, ఊరిలో రాత్రివేళ ఎవరికి జబ్బు చేసినా మా తలుపే తట్టేవారు.

మాతో పాటు అమ్మ ఉండేది. మాలో ఒకరికి తల్లి, ఒకరికి అత్త, మా ఇద్దరికీ అమ్మే. ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చి, తన పెద్ద అక్షరాల బైబిలు కూడా చదువుకొనలేని స్థితికి వచ్చింది. కారు ఎక్కుటకు ఆమెకు ఒకే ఒక ఇబ్బంది, పెట్రోలు వాసన పడదు. నాలుగు మైళ్ళు పోకముందే కడుపులో త్రిప్పి వాంతి చేసుకొనేది. అంతకు ముందు పెట్రోలు బంకులో మా ట్యాంకు మూత పోయింది. బజారులో దొరికిన మరొక మూత తెచ్చి బిగించాము గాని, అది కొంచెము వదులు. గతుకులలో పెట్రోలు చిందేది, వాసన ఇంకా ఎక్కువైంది. మేము ఇంట్లోనే ఒక ఉపాయం చేసి వాసన రాకుండా చేశాము. అమ్మ సంతోషించింది. మేమూ సంతోషించాము.

1998 మే నెలలో గుంటూరులోని ఒక కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. ఉదయము పదింటికల్లా రమ్మన్నారు. తెల్లవారుజామున ప్రార్థన చేసికొని బయలుదేరాము. వినుకొండలో ట్యాంకు నిండుగా పెట్రోలు కొట్టించాము. నరసరావుపేట ఇంకా 15 కిలోమీటర్లు ఉందనగా బండి జర్కులు ఇవ్వసాగింది. యాక్సిలరేటరు తొక్కినా ఊపు రాలేదు. నాలుగైదుసార్లు దగ్గినట్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతున్నది గాని అందుకొనుట లేదు.

బానెట్ ఎత్తి చూచాము. ఎండకు పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతే బండి ఆగుతుందని విన్నాము. తడిగుడ్డ తెచ్చి పంపు మీద వేశాము. ఫలితం లేదు. చివరకు బస్సులో నరసరావుపేట వెళ్ళి ఒక మెకానిక్ కుర్రవానిని వెంటబెట్టుకొని వచ్చాము. అతడు మొదట మూత తీసి పెట్రోలు ఉన్నదో లేదో చూచాడు. తరువాత గొట్టము ఊదాడు, పంపు అనుమానంగా ఉన్నదని కొత్త పంపు వేశాడు. ఒక్క సెల్ఫ్‌కే బండి లేచింది. అతడు అడిగినంత ఇచ్చి, అతనిని షెడ్డు దగ్గర దించి ముందుకు సాగాము.

దాదాపు ఇరవై కిలోమీటర్లు పోయి ఫిరంగిపురం దగ్గర బండి మళ్ళీ ఆగింది. అదే దగ్గు, అదే ఆయాసం. అరగంట చెట్టు క్రింద కూర్చొని సెల్ఫ్ కొడితే లేచింది. కొంత దూరము పోయి మరల ఆగింది. మేము గుంటూరు చేరేసరికి మధ్యాహ్నము మూడయింది. ఆనాటి ఆపరేషన్లు అయిపోయినవి, నెల తరువాత రమ్మని వేరే తేదీ వ్రాసి ఇచ్చారు.

అమ్మ ఆ కాగితము తీసికొనలేదు. "దేవునికి ఇష్టము లేదురా. అందుకే ఆయన దారిలో బండి ఆపుతున్నాడు. ఇక నాకు ఆపరేషను వద్దు" అన్నది. ఎంత చెప్పినా వినలేదు. ఆ మాటకు జవాబు చెప్పుట మాకు చేతకాలేదు.

మాకు కోపం మెకానిక్ మీదకు మళ్ళింది. మరునాడు తిరిగి వస్తూ అతని షెడ్డు దగ్గర ఆపి, పదిమంది ముందు, "మంచి పంపు తీసుకొని పాతది బిగించావు" అని గట్టిగా అన్నాము. అతడు, "లేదు మాస్టారూ, తీసిన పంపు కూడా మీ డిక్కీలోనే పెట్టాను, చూసుకోండి" అన్నాడు. మేము చూడలేదు. చూచే ఓపిక కూడా లేకుండా వచ్చేశాము.

తరువాత వినుకొండలో మరి ఇద్దరికి బండి చూపించాము. ఒకరు పాయింట్లు, కండెన్సరు మార్చారు. మరొకరు కార్బురేటరు విప్పి కడిగి, కాయిలు మార్చారు. ప్రతిసారీ బండి షెడ్డు నుండి చక్కగా వచ్చేది. ఊరిలోనూ, సంతకు పోయి వచ్చునప్పుడూ ఏ ఇబ్బందీ లేదు. దూరప్రయాణము అనగానే దారిలో నిలబెట్టేది. జూన్ నెల తేదీ కూడా దాటిపోయింది. అమ్మ ఆ సంగతే ఎత్తలేదు.

జూలైలో ఒక బంధువు చెప్పగా, పనిమానుకొని ఇంటివద్ద ఉన్న ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు వెళ్ళాము. ఆయన బానెట్ ఎత్తలేదు. అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడు.

"మాస్టారూ, బండి ఆగేటప్పుడు దీపం ఆర్పినట్టు టక్కున ఆగుతుందా, దగ్గి దగ్గి ఆగుతుందా?"

దగ్గి ఆగుతుందన్నాము.

"అయితే నిప్పు కన్నా ముందు తిండి చూడాలి. ఇంజనుకు మూడే కావాలి. పెట్రోలు, గాలి, వేళకు నిప్పు. నిప్పు పోతే సాధారణంగా టక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే ఆకలితో సొమ్మసిల్లినట్టు ఆగుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు త్వరగా ఆగుతుందా, సగం ఉన్నప్పుడా?"

మాలో మాస్టారు తెల్లముఖం వేశారు. ఇల్లు చూచుకొనేవారు మాత్రము చేతిసంచిలో నుండి ఇంటి ఖర్చుల పుస్తకము తీశారు. పెట్రోలు కొట్టించిన తేదీ, ఎంత కొట్టించినదీ అందులో ఉన్నది. బండి ఆగిన రోజులు గుర్తు చేసికొని చూస్తే, ట్యాంకు నింపిన రోజులలోనే తొందరగా ఆగింది. మేస్త్రీ నవ్వి, "అమ్మగారి పుస్తకం నా రెంచి కన్నా మంచి పనిముట్టు. రేపు ట్యాంకు నింపుకొని రండి. ఆగినప్పుడు నేను చెప్పేవరకు ఎవరూ దేనినీ ముట్టుకోవద్దు. లేచిన తరువాత చూస్తే రోగం దొరకదు, పడి ఉన్నప్పుడే చూడాలి" అన్నాడు.

మరునాడు ఆయనను ఎక్కించుకొని బయలుదేరాము. పద్దెనిమిది కిలోమీటర్ల దగ్గర బండి దగ్గి ఆగింది. ఆయన దిగి, బానెట్ వైపు చూడనైనా చూడక నేరుగా వెనుకకు వెళ్ళాడు. ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టి, మెల్లగా త్రిప్పాడు. "స్స్" మని గాలి లోపలికి పీల్చుకొన్న శబ్దము మా ఇద్దరికీ వినబడింది. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి" అన్నాడు. రెండుసార్లు కొట్టగానే బండి లేచింది.

ఆయన అంతటితో తృప్తిపడలేదు. మూత మరల బిగించి నడపమన్నాడు. కొంత దూరము పోగానే మరల దగ్గి ఆగింది. అప్పుడు మూత తీసి, దాని లోపల అంటించి ఉన్న నల్లని రబ్బరు బిళ్ళ ఊడదీసి మా చేతిలో పెట్టాడు. "ఇది ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

మేమే పెట్టాము. అమ్మకు వాసన రాకూడదని పాత సైకిలు ట్యూబు గుండ్రంగా కత్తిరించి మేమే అంటించాము.

ఆయన వివరించాడు. పంపు ట్యాంకు నుండి పెట్రోలు లాగుకొన్నకొద్దీ, ఖాళీ అయిన చోటికి గాలి లోపలికి రావాలి. అందుకే ఆ కాలపు బండ్ల మూతలో సన్నని రంధ్రము ఉంటుంది. మా బిళ్ళ ఆ రంధ్రమును మూసింది. గాలి రాక, ట్యాంకు పెట్రోలును వెనుకకు పట్టి ఉంచింది, పంపు లాగలేకపోయింది. మూత బిగించిన డబ్బా నుండి నూనె ధారగా రానట్టే ఇదీ. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ గనుక త్వరగా బిగిసేది. సగము ఉంటే కొంత దూరము ఎక్కువ పోయేది. అరగంట ఆగితే సందులలో నుండి గాలి కొద్దికొద్దిగా చేరి మరల లేచేది. ఊరి ప్రయాణాలు కొద్ది దూరమే గనుక ఇబ్బంది తెలియలేదు. అన్నిటికన్న వింత, ప్రతి మెకానిక్ మొదట చేసిన పని పెట్రోలు ఉన్నదో లేదోనని మూత తీసి చూచుట. అప్పుడే రోగము కుదిరింది. తరువాత ఏ సామాను మార్చితే దానికి పేరు వచ్చింది.

ఇంటికి వచ్చి డిక్కీ అంతా తీసి చూచాము. స్టెప్నీ టైరు వెనుక, దినపత్రికలో చుట్టి, మా పాత పంపు ఉన్నది.

ఆ ఆదివారము ఆరాధనలో కూర్చొనుట మాకు కష్టమైంది. సోమవారము నరసరావుపేట వెళ్ళాము. వట్టి చేతులతో పోలేక పప్పుచెక్కలు చేసి తీసికొని పోయాము. పదిమంది ముందు నింద వేశాము గనుక, పదిమంది ఉన్నప్పుడే అతనితో, "తప్పు మాది బాబూ, నీది కాదు. క్షమించు" అన్నాము. అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత రబ్బరు బిళ్ళ సంగతి అడిగి తెలిసికొని, "నాకూ తట్టలేదు మాస్టారూ. పంపు డబ్బు తిరిగి ఇస్తాను" అన్నాడు. మేము తీసికొనలేదు. రంధ్రము ఉన్న సరైన మూత అతనే వెదికి తెచ్చి బిగించాడు. అది సరిగా కూర్చొన్నది గనుక చిందుటయు వాసనయు తగ్గినవి.

అమ్మకు ఆ బిళ్ళ చేతికిచ్చి తడిమి చూడమన్నాము. "అమ్మా, బండిని దేవుడు ఆపలేదు. మేము ఆపాము, నీ మీద ప్రేమతోనే ఆపాము" అన్నాము. ఆమె దానిని చాలాసేపు వ్రేళ్ళతో త్రిప్పి, "అయితే తేదీ అడగండి" అన్నది. 1998 ఆగస్టులో ఒక కంటికి, తరువాత రెండవ కంటికి ఆపరేషను జరిగింది. గుంటూరు దాకా బండి ఒక్కసారైనా దగ్గలేదు.

ఇప్పటి ఇంజెక్షను కార్లలో పాయింట్లు, కార్బురేటరు లేవు. వాటి జబ్బు మీటరు పెట్టి చూడవలసినదే. కాని ఇంకను పాత బండి నడుపుకొనేవారికి మేము నేర్చుకొన్నవి నాలుగు మాటలు చెప్పగలము. బండి ఎలా ఆగిందో, ఎంత దూరానికి ఆగిందో, పెట్రోలు ఎంత ఉన్నదో ఒక పుస్తకములో వ్రాసికొనండి. ఆగినప్పుడు సెల్ఫ్ ఆపకుండా కొట్టవద్దు, పది సెకన్లు కొట్టి కాసేపు ఆపండి, లేకున్న బ్యాటరీ కూడా పోతుంది. పెట్రోలు గొట్టము విప్పి ఉన్నప్పుడు నిప్పురవ్వ పరీక్ష చేయవద్దు, బీడీ కాల్చేవారిని దగ్గరకు రానీయవద్దు. ఒకేసారి రెండు సామాన్లు మార్చవద్దు, మార్చితే దేనివలన కుదిరిందో తెలియదు. అన్నిటికంటె ముందు, బండి చెడుటకు కాస్త ముందు మీ చేతులతో మీరు ఏమి మార్చారో గుర్తు చేసికొనండి.

ఆపరేషను తరువాత కట్టు విప్పిన వారము, అమ్మ అరుగు మీద కూర్చొని బైబిలు చదువుకొంటూ, గుమ్మము ముందున్న కారు వైపు చూచి ఒక మాట అన్నది. "వాసన వస్తే వచ్చింది గాని, ఇంకెప్పుడూ నా కోసము ఆ మూత బిగించకండిరా."