టెక్నికల్‌గా తప్పే

మా ఆఫీసులో ‘టెక్నికల్‌గా తప్పే’ అంటే ‘వదిలెయ్’ అని అర్థం. అమెరికా కోర్టుల్లో అదే మాటకి జైలు పడొచ్చు. ఫిలడెల్ఫియా ర్యాపర్ మీక్ మిల్ (పాటలు నాకు పెద్దగా ఎక్కవు, అది వేరే సంగతి) 2007లో, 19 ఏళ్లప్పుడు, తుపాకీ, డ్రగ్స్ కేసులో అరెస్టయ్యాడు. జైలు అయిపోయినా ప్రొబేషన్ మాత్రం ఏళ్ల తరబడి వదల్లేదు. 2017లో న్యూయార్క్ వీధిలో బైక్ ముందు చక్రం లేపాడని ఒక కేసు, ఎయిర్‌పోర్టులో గొడవపడ్డాడని ఇంకోటి. రెండిట్లోనూ శిక్ష పడలేదు. డ్రగ్ టెస్టు, అనుమతి లేని ప్రయాణాలు వాటికి తోడు. ప్రాసిక్యూటర్ జైలు అడగలేదు. అయినా మొదట్నించీ ఉన్న జడ్జే 2 నుంచి 4 ఏళ్లు వేశారు. ఈ విచారణకి జ్యూరీ ఉండదు, నేరం సందేహాతీతంగా రుజువు కానక్కర్లేదు. ఐదు నెలలకి పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు విడిపించింది. ఆ రోజు అతన్ని బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లడానికి హెలికాప్టర్ వచ్చింది. అందరికీ రాదు.