ఆ రాత్రి మంచు తుఫాను రాకపోతే?

డిసెంబరు నెల వచ్చిందంటే చాలు, పిల్లలున్న మన ఇళ్ళల్లో రెండు పండుగల హడావుడి ఒకేసారి మొదలవుతుంది. ఒకవైపు క్రిస్మస్ చెట్టుకి దీపాలు ఎప్పుడు కడదామని పిల్లల గోల, మరోవైపు సంక్రాంతి కార్యక్రమానికి కోలాటం రిహార్సళ్ళు. ఈ రెండింటి మధ్య ఏటా టీవీలో తప్పకుండా ప్రత్యక్షమయ్యే అతిథి ఒకడున్నాడు. వాడే ఎర్రముక్కు రెయిన్‌డీర్ రుడాల్ఫ్. మనకి మాయాబజారు ఎలాగో, ఇక్కడివాళ్ళకి ఆ బొమ్మల సినిమా అలాగ. మాటలన్నీ నోటికొచ్చినా మళ్ళీ కూర్చుని చూస్తారు. పిల్లల పుణ్యమా అని మనమూ చూస్తాం. ఇన్నేళ్ళుగా ఆ సినిమా చూసినవాళ్ళు ఏమన్నారు, మా ఇంట్లోవాళ్ళు ఏమన్నారు అని ఆలోచిస్తే, అది చివరికి మన సంఘం దాకా వచ్చి ఆగింది. అందుకే ఈ నాలుగు మాటలు.

చూడనివారి కోసం కథ టూకీగా చెబుతాను. ఉత్తర ధ్రువంలో శాంటాక్లాజ్ బండి లాగే రెయిన్‌డీర్లలో డానర్ ఒకడు. అతనికి పుట్టిన కొడుకు ముక్కు ఎర్రగా దీపంలా వెలుగుతుంది. తండ్రికి తలవంపులుగా ఉండి, ముక్కు మీద మట్టి ముద్ద అంటించి దాస్తాడు. ఆటల్లో అది కాస్తా ఊడిపోతుంది. తోటిపిల్లలు నవ్వుతారు. ఆట నేర్పే మాస్టారే వాణ్ణి ఆటకి పనికిరాడంటాడు. అదే ఊళ్ళో బొమ్మలు చేసే మరుగుజ్జుల్లో హర్మీ అని ఒక కుర్రాడు. వాడికి బొమ్మలు చేయడం ఇష్టం లేదు, పళ్ళ డాక్టరు కావాలని కోరిక. మేస్త్రీ తిట్టిపోస్తాడు. ఈ ఇద్దరూ ఊరొదిలి బయల్దేరతారు.

దారిలో ఒక ద్వీపం తగులుతుంది. పిల్లలెవరికీ అక్కర్లేని బొమ్మలన్నీ అక్కడే ఉంటాయి. చదరపు చక్రాల రైలు, ఒళ్ళంతా చుక్కలున్న ఏనుగు, ఎగరలేక ఈదే పిట్ట, నీళ్ళకి బదులు జెల్లీ చిమ్మే తుపాకీ. రెక్కల సింహం వాటికి రాజు. మేమూ ఎక్కడా ఇమడనివాళ్ళమే, ఇక్కడ ఉండిపోతామని రుడాల్ఫ్ బృందం అడిగితే రాజు ఒప్పుకోడు. ఇది బొమ్మలకే, మీరు రాత్రికి తలదాచుకుని వెళ్ళండి అంటాడు. ఎక్కడా చోటు లేనివాళ్ళ ద్వీపంలో చేరడానికి కూడా అర్హతలున్నాయన్నమాట! వీసా ఆఫీసుల ముందు వరసలో నిలబడిన మనకి దీని భావం వేరే చెప్పనక్కర్లేదు. చివరికి క్రిస్మస్ ముందు మంచు తుఫాను వస్తుంది. ప్రయాణం మానుకోబోతున్న శాంటాకి రుడాల్ఫ్ ముక్కు వెలుగు కనబడుతుంది. వాణ్ణే బండికి ముందు కడతారు. అందరూ జేజేలు కొడతారు.

ఈ కథ పుట్టుక కూడా విచిత్రమైనదే. 1939లో షికాగోలో మాంట్‌గమరీ వార్డ్ అనే పెద్ద దుకాణంవారు క్రిస్మస్‌కి వచ్చే పిల్లలకి ఊరికే పంచడానికి ఒక చిన్న పుస్తకం రాయమని తమ దగ్గర ప్రకటనలు రాసే రాబర్ట్ మే అనే ఉద్యోగిని అడిగారు. ఆయన యూదు కుటుంబంలో పుట్టినవాడు. అది రాస్తున్న ఏడాదే భార్య క్యాన్సరుతో కన్నుమూసింది, చేతిలో చిన్న కూతురు. ఆ దుఃఖంలో రాసిన పుస్తకం ఆ ఒక్క సీజనులోనే 24 లక్షల ప్రతులు పంచారు. 1949లో ఆయన సోదరి భర్త జానీ మార్క్స్ దాన్ని పాటగా కడితే జీన్ ఆట్రీ పాడాడు. రాంకిన్-బాస్ సంస్థ తీసిన బొమ్మల సినిమా 1964 డిసెంబరు 6న ఎన్‌బీసీలో మొదటిసారి వచ్చింది. బొమ్మల్ని కొంచెం కొంచెంగా కదుపుతూ ఫోటోలు తీసే ఓపిక పని టోక్యోలో తదహితో మోచినాగా బృందం చేసింది. గొంతులు చాలావరకు కెనడా నటులవి. అమెరికావాళ్ళ సొంత పండుగ సినిమా అనుకున్నదాంట్లో ఇంతమంది పైవాళ్ళ చేయి ఉంది!

నా మటుకు నాకు ఈ సినిమాలో మొదట నచ్చినవాడు రుడాల్ఫ్ కాదు, హర్మీ. కారణం చిన్నదే, నేను పళ్ళ డాక్టర్ని. మన సంఘంలో డాక్టరుగారంటే గుండె డాక్టరు, లేకపోతే మెదడు డాక్టరు. మా ఊళ్ళో ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజున మా ఇంటికి వచ్చినవాళ్ళు, బీడీఎస్ వచ్చిందని చెబితే "పోనీలెండి" అని ఓదార్చి కాఫీ తాగి వెళ్ళారు. 2005లో పెళ్ళయి, హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చాను. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. పైగా అక్కడి డిగ్రీతో ఇక్కడ పన్ను ముట్టుకోనివ్వరు. మళ్ళీ బోర్డు పరీక్షలు, మళ్ళీ డెంటల్ కాలేజీలో సీటు, మళ్ళీ ఫీజులు. కుర్చీ పక్కన నిలబడి లైసెన్సుతో మొదటి పన్ను పీకడానికి ఏడేళ్ళు పట్టింది. వచ్చిన మొదటి డిసెంబరులో అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే కూర్చుని టీవీ పెడితే, పళ్ళ డాక్టరు అవుతానంటే అందరూ నవ్వుతున్న ఆ మరుగుజ్జు కుర్రాడు కనిపించాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంచు భూతం పళ్ళన్నీ వాడు పీకి పారేసిన ఘట్టం వచ్చినప్పుడు మాత్రం సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

ఇక అసలు సంగతికి వస్తాను. 1964లో మొదటిసారి చూపించినప్పుడు ఈ సినిమా ముగింపు ఇప్పుడున్నట్టు లేదు. ద్వీపంలో ఉన్న బొమ్మలకి ఇళ్ళు చూపిస్తానని శాంటా మాట ఇస్తాడు గానీ, వాటి దగ్గరికి వెళ్ళినట్టు ఎక్కడా చూపించలేదు. రుడాల్ఫ్ కథ సుఖాంతమైంది కదా, చాల్లే అనుకున్నారు కాబోలు తీసినవాళ్ళు. చూసినవాళ్ళు అలా అనుకోలేదు. ఆ బొమ్మల సంగతేమిటి, ఇచ్చిన మాట ఏమైంది అని ఉత్తరాలు రాశారు. దాంతో 1965లో కొత్త ఘట్టం ఒకటి తీసి కలపవలసి వచ్చింది. మంట చుట్టూ దిగులుగా కూర్చున్న బొమ్మలకి గంటల చప్పుడు వినిపిస్తుంది. శాంటా బండి మొట్టమొదట ఆగేది ఆ ద్వీపంలోనే.

నా దగ్గరికి వచ్చే పెద్దాయన ఒకరికి డెబ్బై దాటింది. నా టేబుల్ మీద మా అసిస్టెంటు కొనిచ్చిన హర్మీ బొమ్మ చూసి, మొదటి ఏడాది ఆ సినిమా చూశాక తన చెల్లెలు రాత్రంతా నిద్రపోలేదని చెప్పారు. ఏమ్మా, రుడాల్ఫ్ గెలిచాడుగా అని తల్లి అడిగితే, ఏనుగు ఇంకా మంచులోనే ఉంది అందట. ఆ మాట నాకు గుచ్చుకుంది. గెలిచినవాణ్ణి చూసి చప్పట్లు కొట్టడం ఎవరికైనా చేతనవును. మంచులో మిగిలిపోయిన ఏనుగు గురించి నిద్ర మానుకున్నది ఆ పిల్ల.

ఈమధ్య సంవత్సరాల్లో ఈ సినిమా మీద పెద్దవాళ్ళ ఫిర్యాదు వేరే రకంగా ఉంది. తండ్రి సిగ్గుపడటమేమిటి, మాస్టారే పిల్లల్ని రెచ్చగొట్టడమేమిటి, సాక్షాత్తూ శాంటాయే చిన్నచూపు చూడటమేమిటి, ఇది పిల్లలకి చూపించాల్సిన సినిమాయేనా అని వాదిస్తారు. నేను మాత్రం చూపించాలనే అంటాను. లోకంలో లేనిదేదీ ఇందులో లేదు. పిల్లలు దాన్ని గుర్తుపడతారు కూడా.

ఎలా గుర్తుపడతారో మా ఇంట్లోనే చూశాను. 2013 డిసెంబరులో మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆరేళ్ళ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా మొత్తం చూశారు. రుడాల్ఫ్‌ని బండికి కట్టగానే మేమందరం చప్పట్లు కొట్టాం. అది కొట్టలేదు. "తాతయ్యా, ఆ రాత్రి స్నో రాకపోతే?" అంది.

"రాకపోతే ఏముందమ్మా, శాంటా మామూలుగా వెళ్ళేవాడు."

"మరి రుడాల్ఫ్?"

మామయ్యగారు వెంటనే జవాబు చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఇది మన కర్ణుడి కథేనే" అన్నారు. "కులమేదని అడిగి నిండు సభలో అందరూ నవ్వుతుంటే దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. అర్జునుడంటే భయం లేకపోతే అతనికేసి చూసేవాడా? ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఇలా అడిగిన పిల్లవాడు ఒక్కడూ లేడు."

ఆ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదల్లేదు. ఎందుకంటే మనందరం మంచు తుఫాను రాత్రి పిలుపు అందుకున్నవాళ్ళమే. బొమ్మల కోసం కొత్త ముగింపు కలిపిన ఆ 1965లోనే, అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టారు. చదువూ వృత్తీ ఉన్నవాళ్ళకి దారి తెరుచుకుంది. ఆసుపత్రుల్లో డాక్టర్లు చాలకపోతే మన డాక్టర్లు వచ్చారు. కంప్యూటర్లలో 2000 సంవత్సరం గండం అన్నప్పుడు మన ఇంజనీర్లు వచ్చారు. మన ముక్కు వెలుగు వాళ్ళకి కావలసి వచ్చింది, వచ్చాం, బండి లాగాం. తప్పేమీ లేదు, గర్వపడదాం. కానీ హెచ్-1 మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువని ఎరిగిన ఇంట్లో, పనికొస్తేనే మనవాడు అన్న మాటకి అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

బయట ఇలా ఉందంటే అది మన చేతిలో లేని పని. మన హాల్లో ఎలా ఉందన్నది మాత్రం మన చేతిలో పనే. ఏటా ఈ సంచికలో పిల్లల విజయాల పేజీలు వేస్తాం. ఎవరికి ఏ కాలేజీలో సీటొచ్చింది, స్పెల్లింగ్ పోటీలో ఎవరు గెలిచారు. మా అమ్మాయి ఫోటో కూడా ఒకసారి వేశారు, సంతోషించాను. ఇప్పుడది కాలేజీలో చరిత్ర చదువుతోంది. భోజనాల దగ్గర కనీసం నలుగురైనా "దాంతో ఏం చేస్తుందండీ?" అని అడుగుతున్నారు. హర్మీ డాక్టరు అవుతానంటే నవ్వారు, మన పిల్లలు డాక్టరు కాకపోతే కంగారుపడతాం. అంతే తేడా!

ఇది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది. మొదట్లో ప్రతి ఉగాదికీ, సంక్రాంతికీ వచ్చే ఒక కుటుంబం ఈ మూడేళ్ళుగా రావడం లేదు. వాళ్ళ అబ్బాయికి మైకు చప్పుడు పడదు, చెవులు మూసుకుని కేకలు పెడతాడు. ఎవరూ పొమ్మనలేదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు, అంతే. మొన్న కొట్లో కనబడి ఆ తల్లి నాతో అంది, "అక్కా, వాడికి అరిసెలంటే ప్రాణం. మీ పండుగ బాగా జరిగిందా?" మీ పండుగ అంది, మన పండుగ అనలేదు.

అలాగే ఆరు నెలలకని వచ్చి, ఇంగ్లీషు రాక, కారు నడపలేక, కిటికీ దగ్గర కూర్చుని ఉండే అమ్మానాన్నలు. ఒకప్పటి నాలాగే, చేతిలో డిగ్రీ ఉండి చేయడానికి పని లేని కొత్త కోడళ్ళు. మనలో మనకే చిన్న చిన్న ద్వీపాలు ఇన్ని ఉన్నాయి. కార్యవర్గానికి నా విన్నపం పెద్దదేమీ కాదు. హాలు పక్క గదిని చప్పుడు లేకుండా, దీపాలు తగ్గించి, అటువంటి పిల్లల కోసం తెరిచి ఉంచుదాం. అక్కడికి భోజనం మనమే తీసుకువెళదాం. ఇళ్ళల్లో ఉన్న పెద్దవాళ్ళని తీసుకురావడానికి కార్లున్నవాళ్ళం వంతులు వేసుకుందాం. ఫోన్ చేసేటప్పుడు, పోయినసారి రానివాళ్ళ పేర్లతోనే జాబితా మొదలుపెడదాం. శాంటా బండి మొదట ఆగిన చోటు అదే కదా!

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఆనవాయితీ ఉన్న ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. మెట్ల మీద కొండపల్లి దశావతారాల పక్కన ఏటికొప్పాక లక్క పిడతలు, వాటి పక్కన ఎవరో తిరణాలలో కొన్న ప్లాస్టిక్ పోలీసు. మా అమ్మమ్మ కొలువులో చెయ్యి విరిగిన పాలమ్మే మనిషి బొమ్మ ఒకటుండేది. పారేయొచ్చుగా అమ్మమ్మా అంటే, "పేరంటానికి పిలిచాక ఎవరినైనా గుమ్మంలోంచి పంపేస్తామా?" అనేది. ఆ బొమ్మ ఏం పనికొస్తుందని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఇంటి బొమ్మ కాబట్టి మెట్టు మీద చోటుంది, అంతే.

మంచు తుఫాను వచ్చినా రాకపోయినా, ముక్కు వెలిగినా వెలగకపోయినా, మన పిల్లలకి, మన పెద్దలకి ఈ హాల్లో అటువంటి చోటు ఉండాలని కోరుకుంటూ, అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.