ఫిలడెల్ఫియాలో పరీక్షకుల తిరునాళ్ళు

ఫిలడెల్ఫియా నగరం నడిబొడ్డున పూర్వం ఒక పెద్ద రైల్వే స్టేషన్ ఉండేది. 1893లో వెలసిన ఆ రీడింగ్ టెర్మినల్‌లో, విశాలమైన ఇనుప కమానుల కింద, 90 ఏళ్ళపాటు రైళ్ళు వచ్చిపోతూ ఉండేవి. 1984లో ఆఖరి రైలు వెళ్ళిపోయింది. నగరం ఆ కమానులను పడగొట్టలేదు. వాటిని తనలో కలుపుకొని 1993లో ఒక మహా సమావేశ మందిరం తెరుచుకుంది. పట్టాలు లేని ఆ స్టేషన్‌కు 2023 మార్చి 18 నుంచి 22 వరకు వచ్చిన ప్రయాణికులు వేరొక జాతివారు. మెడలో పేరుపట్టీలు, భుజాన గుడ్డసంచులు, చేతిలో కార్యక్రమ పట్టికలు. ఏ పదార్థంలో ఏది ఎంత ఉన్నదో తేల్చి చెప్పడమే వారి వృత్తి. విశ్లేషణ రసాయనశాస్త్రజ్ఞులు ఏటా జరుపుకొనే ఆ తిరునాళ్ళకు పిట్‌కాన్ అని పేరు.

ఆ జనంలో హైదరాబాదు శివారులోని ఒక ఔషధ కర్మాగారం నుంచి వచ్చిన మహిళ ఒకరున్నారు. 16 ఏళ్ళుగా ఆమె పని మందులను పరీక్షించడం, నివేదిక అడుగున సంతకం చేయడం. విదేశయానం ఇదే మొదలు. వృత్తి నైపుణ్యం పెంపొందించుకొనే నిమిత్తం అని సంస్థవారు కాగితం మీద రాశారు. అది నిజమే. కాని ఆమె మనసులో మరొక నిమిత్తం కూడా ఉంది. అది ఒకే ఒక్క అంకె.

2018 జూలైలో వల్సార్టాన్ అనే రక్తపోటు మందులో ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి, అనేక దేశాల్లో ఆ మందును దుకాణాల నుంచి వెనక్కి తెప్పించవలసి వచ్చింది. నైట్రోసమైన్ల కుటుంబానికి చెందిన ఆ పదార్థం మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంతవరకు ఎవరికీ కనబడలేదేమంటే, ఎవరూ దానికోసం వెతకలేదు కనుక. వెతకని దానిని ఏ యంత్రమూ తనంతట తాను చూపించదు. ఆ తరువాత రోజుకు 96 నానోగ్రాములకు మించి ఆ మలినం ఒంట్లోకి పోరాదని నియంత్రణ సంస్థలు హద్దు గీశాయి. గ్రామును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోగ్రాము.

ఆమె ప్రయోగశాలలో ఒక మందు ఆ హద్దును కొద్దిగా దాటినట్లు యంత్రం చూపించింది. ఆ మందు తయారీలో నైట్రైట్ వాడరు. ఆ మలినం పుట్టడానికి తగిన హేతువు కనబడదు. అయినా పై అధికారి మాట ఒక్కటే: ‘యంత్రం చూపించిన తర్వాత ఇంకా సందేహమేమిటమ్మా?’ బ్యాచ్ గోదాములో తాళం కింద ఉంది. అంకె నిజమైతే ఆ మందు రోగి నోటికి చేరకూడదు. అబద్ధమైతే, మంచి మందు మంట పాలవుతుంది. దానికోసం కాచుకొని ఉన్న రోగికి ఆ నెల అందవలసినది అందదు. ఏ వైపు సంతకం చేసినా దాని బరువు మోయవలసింది ఆమెకు ముఖపరిచయం లేని మనుషులు.

పిట్‌కాన్ పేరులోని ‘పిట్’ పిట్స్‌బర్గ్ నగరానిది. 1950 ఫిబ్రవరిలో ఆ నగరంలోని విలియం పెన్ హోటల్‌లో మొదటి సమావేశం జరిగింది. పిట్స్‌బర్గ్ అంటే ఆ రోజుల్లో ఉక్కు. ఉక్కు అంటే పొగ. పట్టపగలు వీధిదీపాలు వెలిగించుకొన్న నగరమది. అక్కడికి దగ్గరలోని డొనోరా అనే ఊరిని 1948 అక్టోబరులో విషపు పొగమంచు కమ్మి 20 మంది ప్రాణాలు తీసింది. ఉక్కులో కర్బనం ఎంత, గంధకం ఎంత అని రోజూ తూచి చెప్పే రసాయనశాస్త్రజ్ఞులకు ఆ ఊళ్ళో కొదవ లేదు. వారి సంఘం ఒకటి, వర్ణపట శాస్త్రజ్ఞుల సంఘం ఇంకొకటి, రెండూ చేతులు కలిపి ఈ సమావేశాన్ని నెలకొల్పాయి. 1968లో అది పుట్టిన ఊరు విడిచి క్లీవ్‌లండ్‌కు తరలింది. నాటినుంచి అట్లాంటిక్ సిటీ, న్యూ ఆర్లీన్స్, చికాగో అంటూ సంచార జీవనమే. 1990లలో ఒక దశలో హాజరు 30 వేలు దాటింది, తరువాత తగ్గింది. 2021లో కరోనా కారణంగా తెరల మీదనే జరిగింది. లాభాపేక్ష లేని ఆ సమావేశాన్ని ఇప్పటికీ స్వచ్ఛంద సేవకులే నడుపుతారు; మిగిలిన సొమ్ము విజ్ఞాన బోధనకు పోతుంది.

విలియం పెన్ పేరిట ఉన్న హోటల్‌లో పుట్టిన సమావేశం, 2023లో ఆ పెన్ స్థాపించిన నగరానికే వచ్చింది. మందిరానికి కొద్ది దూరంలోనే పురపాలక భవన శిఖరాన ఆయన 37 అడుగుల కంచు విగ్రహం నిలబడి ఉంది. ఆ విగ్రహం టోపీ కన్న ఎత్తుగా ఏ కట్టడమూ లేవరాదన్న మాటకు ఊరంతా 1980ల వరకు కట్టుబడింది. రాతలో లేని హద్దును కూడా మనుషులు అన్నాళ్ళు పాటించగలరా అని ఆమెకు వింతగా తోచింది. ఆమె వృత్తిలో రాతలో లేనిది జరగనట్లే లెక్క.

మొదటి రోజు ఆమెకు తరగతి. పిట్‌కాన్‌లో ఉపన్యాసాలతోపాటు స్వల్పకాల పాఠాలూ ఉంటాయి; అరపూటవి కొన్ని, రోజంతా సాగేవి కొన్ని. 16 ఏళ్ళ అనుభవం తరువాత మళ్ళీ బల్ల ముందు కూర్చొని రాసుకోవడంలో ఆమెకు మొదట కొంత సంకోచం కలిగింది. పక్కన కూర్చున్న నెరిసిన తలలను చూసేసరికి అది తీరిపోయింది. అంతమందీ ఒకే సంగతి నేర్చుకోవడానికి వచ్చారు: తాను కొలిచిన కొలతను ఎంతవరకు నమ్మవచ్చును?

ప్రదర్శనశాల వేరొక లోకం. తిరునాళ్ళలో గాజుల దుకాణాలు బారులు తీరినట్లు అక్కడ యంత్రాల బారులు. ఒకచోట అరచేతిలో ఇమిడే పరికరం తెల్లని పొడి మీద లేజర్ కాంతి విసిరి, క్షణాల్లో ఆ పొడి పేరు చెబుతోంది. దాని వెనుక ఉన్నది 1928లో సి.వి.రామన్ కనిపెట్టిన కాంతి రహస్యం. చిన్ననాట విశాఖపట్నంలో చదువుకొన్న ఆ మహానుభావుని పేరును నానా దేశాలవారు నానా రకాలుగా పలుకుతూంటే ఆమె కొంతసేపు అక్కడే నిలబడిపోయింది. మరొకచోట రంగు గాఢతను బట్టి పరిమాణం తేల్చే యంత్రాలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో, శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని నీలిరంగుగా మార్చి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆమె విద్యార్థి దశలో చేతులారా చేసిన మొదటి పరీక్షల్లో అదొకటి.

ఇటువంటి చోటుకు మొదటిసారి వచ్చినవారు చేసే పొరపాటు ఒకటే, అన్నీ చూడబోవడం. రెండో రోజుకు కాళ్ళు, మూడో రోజుకు బుర్ర మొరాయిస్తాయి. ఆమె ముందే తన ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో రాసుకొని వచ్చింది. వాటికి సంబంధించిన ఉపన్యాసాలకే వెళ్ళింది. గోడపత్రాల వరుసలో ఎక్కువసేపు గడిపింది. వేదిక మీద మాట్లాడేవారు ఫలించిన ప్రయోగం గురించే చెబుతారు. గోడపత్రం పక్కన నిలబడినవారిని నెమ్మదిగా అడిగితే ఫలించనివి కూడా చెబుతారు. ఆమెకు కావలసినవి అవే.

సోమవారం మధ్యాహ్నం అటువంటి గోడపత్రం ముందే ఒక పెద్దాయన పలకరించారు. పేరుపట్టీ చూసి, ‘ఏ ఊరమ్మా మీది?’ అన్నారు. గుంటూరు ప్రాంతంనుంచి ఎప్పుడో వచ్చి న్యూజెర్సీలో స్థిరపడిన విశ్లేషకుడు. ఉద్యోగ విరమణ చేసినా ఈ సమావేశాన్ని మాత్రం విరమించుకోలేదు. మందు పేరు, సంస్థ పేరు చెప్పకుండానే ఆమె తన చిక్కు వివరించింది.

‘డైమిథైల్ ఫార్మమైడ్ ఎక్కడైనా ఉందేమో చూశారా?’ అని ఆయన అడిగారు.

ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. డీఎంఎఫ్ అని పిలిచే ఆ ద్రావణి అణువుకూ ఎన్‌డీఎంఏ అణువుకూ బరువులో ఒక అంకె తేడా ఉంటుంది. అయితే ప్రకృతిలోని నైట్రోజన్ పరమాణువుల్లో 1000కి దాదాపు 4 కొంచెం బరువైనవి. అవి చేరిన డీఎంఎఫ్ అయాన్ బరువు 75.0571, ఎన్‌డీఎంఏ అయాన్ బరువు 75.0553. ఆ కాస్త తేడాను పట్టలేని అమరికలో యంత్రం రెండింటినీ కలిపి ఒకటిగా లెక్కవేస్తుంది. పైగా డీఎంఎఫ్ రోజుకు 8.8 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉన్న పదార్థం. నానోగ్రాముల లోకంలో అది పర్వతం. అందులో 1000కి 4 వంతులైనా 96ను ముంచెత్తగలవు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ విషయంలో ఒక ప్రయోగశాల లెక్క ఈ విధంగానే పెరిగిందని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ వ్యాసం ఆమె చదివింది.

‘చదివానండీ. కాని మా తయారీలో ఆ ద్రావణి వాడం.’

‘మీరు వాడరు. మీకు ముడిసరుకు అమ్మినవాళ్ళు?’

ఆమె జవాబు చెప్పలేకపోయింది. ముడిసరుకు పత్రాల్లో స్వచ్ఛత ఉంటుంది. అది ఏ ద్రావణిలో స్నానం చేసి వచ్చిందో అన్ని పత్రాల్లోనూ ఉండదు. పెద్దాయన చెప్పిన ఉపాయం ఖరీదైనదేమీ కాదు. డీఎంఎఫ్‌ను పలుచన చేసి ఒంటరిగా యంత్రంలోకి పంపి చూడాలి. పిదప స్తంభం మీద ప్రవాహాన్ని మరికొన్ని నిమిషాలు పొడిగించి, రెండు పదార్థాలూ వేర్వేరు వేళల్లో బయటికి వచ్చేలా చేయాలి. బరువు తేల్చలేని జగడాన్ని కాలం తేలుస్తుంది.

ఆ రాత్రి 10 గంటలకు, అంటే హైదరాబాదులో మంగళవారం ఉదయం ఏడున్నరకు, ఆమె తన కింద పనిచేసే కుర్రవాడికి ఫోన్ చేసింది. మర్నాడు ఉదయం సమావేశ మందిరాన్ని ఆనుకొని ఉన్న పాత రైల్వే బజారులో, ముడివేసిన ఆకారంలో కాల్చిన ప్రెట్జెల్ రొట్టె తుంచుకుంటూ ఉండగా జవాబు వచ్చింది.

‘మేడమ్, రెండొచ్చాయి.’

అంతవరకు ఒకటిగా నిలిచిన పీక్ రెండుగా విడిపోయింది. పెద్దది డీఎంఎఫ్ వేళకు వచ్చింది. దాని పక్కన, ఎన్‌డీఎంఏ రావలసిన వేళకే, చిన్నది మరొకటి ఉంది. హద్దుకు చాలా కింద ఉంది కాని, లేకపోలేదు. కుర్రవాడి గొంతులో ఉత్సాహం పొంగింది: ‘అయితే బ్యాచ్ వదిలేయవచ్చు కదా మేడమ్?’

‘ఇంకా లేదు. ముందు మళ్ళీ చెయ్యి. వేరే స్తంభం మీద, వేరే మనిషి చేత. ముడిసరుకు ఇచ్చినవాళ్ళకు ఉత్తరం రాయించు. ఆ చిన్నది ఎక్కడినుంచి వస్తున్నదో కూడా తెలియాలి.’

అవతల కాసేపు మౌనం. ‘రేపు ఉగాది మేడమ్.’

‘ఎల్లుండి చెయ్యి’ అని ఆమె నవ్వింది.

శోభకృత్ నామ సంవత్సరాది ఆ ఏడు మార్చి 22న, సమావేశం ముగిసే రోజున వచ్చింది. ఇంటికి ఫోన్ చేస్తే, పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని పిల్లలు ఫిర్యాదు చేశారు. ఒక్క చెంచాలో కలిసివచ్చిన ఆరు రుచుల్లో ఏది ఎక్కువో చెప్పగల నాలుకకు ఏ పాఠశాలా పాఠం చెప్పలేదు. ఆమెకు ఆ పూట పచ్చడి దక్కలేదు.

విమానానికి వ్యవధి ఉండడంతో మధ్యాహ్నం ఆమె కార్పెంటర్స్ హాల్ వరకు నడిచి వెళ్ళింది. 1774లో అమెరికా తొలి ఖండాంతర ప్రతినిధి సభ కొలువుదీరిన ఎర్ర ఇటుకల కట్టడమది. 1821లో ఆ ఊరి మందుల వర్తకులు కూడా అక్కడే సమావేశమై, తమ వృత్తికి ఒక ప్రమాణం ఉండాలనీ శిక్షణ పొందినవారే మందులు కలపాలనీ తీర్మానించుకొని ఒక కళాశాలను స్థాపించారు. దేశంలో అటువంటిది అదే మొదటిది. మందులో ఏమున్నదో తెలియకుండా రోగికి ఇవ్వకూడదన్న దిగులు అంత పాతది.

తిరుగు ప్రయాణంలో, దీపాలు ఆర్పిన విమానంలో, ఆమె నోటుపుస్తకం తెరిచింది. సంస్థకు ఇవ్వవలసిన నివేదిక రాయాలి. విన్న ఉపన్యాసాలు, చూసిన యంత్రాలు, కొనదగినవి, కొనదగనివి అన్నీ వరుసగా రాసింది. అన్నిటికన్నా పైన ఖాళీగా ఉంచిన చోట ఒక వాక్యం చేర్చింది: ‘ఇకమీదట కొనే ప్రతి ముడిసరుకుకూ, అది ఏ ద్రావణిలో తయారైనదో అడిగి రాసుకోవాలి.’ దాని కింద తేదీ వేసి, సంతకం చేసింది.