కాఫీ బిళ్ళ

గుంటూరులో ఆటో ఎక్కి "శంకర్ విలాస్ సెంటర్" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ఒక హోటలు పేరే కూడలికి పేరైపోయిన ఊరు మాది. కాఫీకి ఇక్కడ అంత మర్యాద మరి!

సీజన్లో మిర్చియార్డు వైపు వెళ్ళి చూడండి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోక తప్పదు. పల్నాడు నుంచీ, ప్రకాశం నుంచీ టిక్కీలతో వచ్చిన రైతులు, తొడిమలు తీసే ఆడకూలీలు, అందరికీ పొద్దున్నే గొంతులో వేడిగా ఏదో ఒకటి పడాలి. రద్దీ ఎక్కువున్న హోటళ్ళలో ముందు డబ్బు కట్టించుకుని ఓ బిళ్ళ చేతిలో పెడతారు. అది కాఫీ కలిపే అతనికిస్తే గ్లాసు వస్తుంది. గడప దాటితే దానికి చిల్లిగవ్వ విలువ లేదు.

ఈ బిళ్ళల ముచ్చట చాలా పాతదండీ. లండన్‌లో మొదటి కాఫీ హోటలు 1652లో పెట్టారు. అప్పట్లో అక్కడ చిల్లరకి మహా కరువు. ప్రభుత్వం సరిపడా నాణేలు వెయ్యకపోయేసరికి, 1648 నుంచే కొట్లవాళ్ళు సొంతంగా అర పెన్నీ, పావు పెన్నీ బిళ్ళలు వేయించుకున్నారు. కాఫీ హోటళ్ళ బిళ్ళల మీద తలపాగా చుట్టిన తురుష్కుడి తల ఉండేది. 1672లో రాజుగారు రాగి నాణేలు వేయించి, వీటిని ఆపించేశారు. మనకీ యుద్ధం రోజుల్లో, 1943లో, రాగి పొదుపు కోసం చిల్లుకాణీ వచ్చింది కదా, చిల్లర కష్టం ఎక్కడైనా ఒకటే.

నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే సంగతి. ఆ బిళ్ళల్లో చాలావాటి మీద మూడు అక్షరాలుంటాయి. పైన ఇంటిపేరుది, కింద పక్కపక్కనే భర్త పేరుదీ, భార్య పేరుదీ! మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకోమూ, అలాగన్నమాట. ఆ కాఫీ హోటళ్ళేమో మగవాళ్ళ అడ్డాలు. అయినా వ్యాపారంలో ఇల్లాలి అక్షరం పడింది.

మన దగ్గర బోర్డుల మీద "అండ్ సన్స్" అనే చూస్తాం. ఆ మధ్య యార్డు దగ్గరి ఓ చిన్న హోటల్లో వెనక వంటగదిలోకి తొంగిచూశాను. తెల్లవారుజామున నాలుగింటికే లేచి పప్పు రుబ్బి, డికాక్షన్ దింపేది యజమాని భార్యేనట. మీ పేరేంటండీ అన్నాను.

"పేరుతో పనేముందమ్మా, కాఫీ చల్లారిపోతోంది తాగండి" అంది, గ్లాసు నా వైపు జరుపుతూ.