గాడి తప్పిన చిప్ప

యంత్రభాగం గాడి తప్పితే కారణం వెదకడం మాకు ముప్పయ్యేళ్లుగా నిత్యకృత్యం. ఆ గాడి కన్నబిడ్డ మోకాలిలోనిదైనప్పుడు మాత్రం ఆ విద్య అంత తేలికగా అక్కరకు రాలేదు.

పదమూడేళ్ల మా అమ్మాయి మోకాటి చిప్ప ఏడాదిలో మూడుమార్లు వెలుపలి వైపునకు జారింది. తొలిసారి పట్టీతోను, వ్యాయామంతోను కుదుటపడింది. చిప్ప ఒకసారి జారినంతనే అందరికీ శస్త్రచికిత్స అక్కరలేదని సహోద్యోగులకు మనవి. మళ్లీ మళ్లీ జారడంతో మా అమ్మాయికి అది అవసరమైంది. మా తండ్రిగారి కాలంలో పెద్ద వైద్యమంటే రాయపూర్ నుండి వాల్తేరు రైలెక్కవలసిందే. 2012లో ఎయిమ్స్ ఆరంభమైన ఈ నగరంలో నేడు ఆ అవసరం తగ్గింది. చికిత్స ఇక్కడే జరిగింది.

కాలు చాచినప్పుడు చిప్ప తొడ ఎముక గాడిలో పూర్తిగా కూర్చోదు. సుమారు 30 డిగ్రీలు వంగే వరకు దానిని పక్కకు జారకుండా ప్రధానంగా ఆపేది లోపలివైపున్న పలుచని లిగమెంటు. అది చెడినప్పుడు తొడ వెనుక కండరపు స్నాయువును కొంత తీసి ఆ స్థానంలో అమరుస్తారు.

“ఎంత గట్టిగా బిగిస్తారు?” అని మేమడిగాము.

“బిగించము; జారకుండా ఆపుతాము” అన్నారు సర్జన్‌గారు.

బిగువు ఎక్కువైతే చిప్ప వెనుకనున్న మృదులాస్థిపై ఒత్తిడి పెరుగుతుందట. ఎదిగే పిల్లలలో ఎముక పెరుగుదల పొరకు డ్రిల్లు తగలకుండా, ఎక్స్‌రే తెరపై చూస్తూ రంధ్రం చేయాలట.

నెలల తరబడి వ్యాయామం సాగింది. ఇప్పుడు మా అమ్మాయి కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగుతోంది. పట్టుకొమ్మని హెచ్చరించబోయి, సర్జన్‌గారి మాట గుర్తుకు వచ్చి ఊరకుంటున్నాము.