తేనెటీగను విలన్‌ని చేయొద్దు

నిన్న రాత్రి 'ది స్వార్మ్' మళ్ళీ చూశాను. ఇర్విన్ ఆలెన్ తీసిన 1978 నాటి సినిమా. మైకేల్ కెయిన్, హెన్రీ ఫోండా లాంటి హేమాహేమీలున్నారు. తేనెటీగల దండు రైలును పట్టాలు తప్పిస్తుంది, అణు విద్యుత్ కేంద్రం పేలిపోతుంది, చివరికి హ్యూస్టన్ నగరమే తగలబడుతుంది.

ఈ భయం వెనక అసలు కథ ఒకటుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త వార్విక్ కెర్ ఎక్కువ తేనె కోసం ఆఫ్రికా నుంచి రాణి ఈగల్ని తెప్పించాడు. 1957లో కొన్ని దండులు తప్పించుకుని స్థానిక తేనెటీగలతో కలిశాయి. ఆ సంతతి పాకుతూ పాకుతూ 1990లో టెక్సాస్ చేరింది. వాటి విషం మామూలు తేనెటీగ విషం కన్నా ఘాటైనదేం కాదు. కానీ పట్టు కదిలితే వందల్లో లేచి చాలా దూరం తరుముతాయి. మనుషులు చనిపోయిన మాట నిజమే. అవి నగరాల మీదికి దండెత్తిన మాట మాత్రం అబద్ధం. బ్రెజిల్ రైతులు వాటితో మెలగడం నేర్చుకుని, ఇవాళ వాటి తేనెనే అమ్ముకుంటున్నారు.

నన్ను కదిలించింది సినిమా చివర్లో వేసిన కార్డు. పంటలకు పరాగసంపర్కం చేసే అమెరికా తేనెటీగకు మనం రుణపడి ఉన్నామని, ఈ కథకూ దానికీ సంబంధం లేదని అందులో రాశారు. రెండు గంటలు భయపెట్టాక చెప్పిన ఆ ఒక్క మాటే సినిమా మొత్తంలో అసలైన నిజం.

మీ ఇంటి దగ్గర తేనెపట్టు కనిపిస్తే రాయి విసరకండి, మంట పెట్టకండి. పట్టు తీయడం తెలిసినవాళ్ళని పిలవండి.