ఒకే జాతి దేశంలో పల్లెవాళ్ళు



"జపాన్ చూడండి. అందరిదీ ఒకే జాతి, ఒకే భాష. అందుకే అంత బాగుపడింది. మనకే ఈ కులాల గోల."

ఈ మాట మీరూ వినే ఉంటారు. నేను ఆఫీసు క్యాంటీన్లో విన్నాను, పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను. చెప్పేవాళ్ళంతా చెడ్డవాళ్ళేం కాదు. అందరూ ఒకేలా ఉంటే వివక్ష ఉండదని నిజంగానే నమ్ముతారు. అందుకే ఈసారి ఆ ఒకే జాతి దేశం లోపలికి పోయి చూద్దాం.

ముందు లెక్క సంగతి. జపాన్‌లో నూటికి 97 మంది జపనీయులే అంటారు. ఆ లెక్క పౌరసత్వానిది, జాతిది కాదు. అక్కడి జనాభా లెక్కల్లో నీ జాతి ఏమిటని అడగరు. ఉత్తరాన హొక్కైడోలోని ఐనూలు, దక్షిణాన ఒకినావా వాళ్ళు, పౌరసత్వం తీసుకున్న కొరియన్లు, అందరూ ఆ 97లోనే కలిసిపోతారు. మాది ఒకే జాతి దేశమని తరో అసో అనే మంత్రి 2005లో కూడా అన్నాడు. ఆ తర్వాత ప్రధాని కూడా అయ్యాడు. ఐనూలు ఆ దేశపు మూలవాసులని పార్లమెంటు తీర్మానం చేయడానికి 2008 దాకా పట్టింది.

సరే, వీళ్ళవి వేరే జాతులనుకుందాం. మొహం, భాష, దేవుడు అన్నీ ఒకటే అయినవాళ్ళ మాటేమిటి? వాళ్ళే బురాకుమిన్లు. జపాన్ భాషలో 'బురాకు' అంటే పల్లె, 'మిన్' అంటే జనం. అంటే పల్లెవాళ్ళు. మా గుంటూరు వైపు ఆ మాటకు అర్థమేమిటో చెప్పక్కర్లేదు. మాలపల్లె, మాదిగపల్లె.

వీళ్ళ పూర్వీకుల్లో చాలామంది చచ్చిన గొడ్లను తీసి, తోలు పదును చేసినవాళ్ళు. 'ఎతా' అని పిలిచేవాళ్ళు. ఆ పేరు రాసే అక్షరాలకు 'బోలెడు మైల' అని అర్థం. పండగల్లో మోగే పెద్ద తైకో డోళ్ళకు తోలు బిగించిందీ వీళ్ళే. ఒసాకాలోని ననివా ఆ పనికి పేరుపడ్డ చోటు. మా తాత డప్పులకు తోలు బిగించేవాడు. జాతరకు డప్పు కావాలి, బిగించినవాడు మాత్రం గుడి మెట్టెక్కకూడదు.

1871లో జపాన్ ప్రభుత్వం ఆ హీన హోదాను రద్దు చేసింది. రెండేళ్ళకే మిమసాకా ప్రాంతంలో రైతులు వాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. కారంచేడు, చుండూరు తెలిసినవాళ్ళకు కారణం అర్థమవుతుంది.

మొహం చూస్తే తెలియదు కదా, అందుకని కాగితం కావాల్సొచ్చింది. 1872లో మొదలైన కుటుంబ రిజిస్టర్లలో కొన్నిచోట్ల వీళ్ళను 'కొత్త సామాన్యులు' అని రాశారు. ఆ రిజిస్టర్లు ఎవరికి పడితే వాళ్ళకు చూపకుండా మూసింది 1968లో. 1975లో ఇంకోటి బయటపడింది. బురాకు పల్లెల పేర్లు, చోట్లు అచ్చేసిన పుస్తకాన్ని చాటుగా అమ్ముతున్నారు. కొన్న కంపెనీలు 200కు పైనే. ఉద్యోగానికి వచ్చినవాడి అడ్రసు అందులో ఉందేమో చూసుకోవడానికి!

హైదరాబాద్‌లో నేను అద్దె ఇల్లు చూడబోతే ఆ ఓనరు గారు నా కులం అడగలేదు. ఇంటిపేరు అడిగారు. తేలలేదు. ఊరడిగారు. తేలలేదు. "ఊళ్ళో ఎటువైపు బాబూ?" అన్నారు. పల్లె అని చెప్పాను. "అయ్యో, మా చెల్లెలు వాళ్ళు దిగుతామన్నారు, మర్చేపోయాను" అన్నారు. ఆయనదీ నాదీ ఒకే రంగు, ఒకే భాష. ఆయనకు పుస్తకం కొనే ఖర్చు కూడా లేదు, మూడు ప్రశ్నలతో సరిపోయింది.

"నిద్రపోయే బిడ్డను లేపకండి" అని జపాన్‌లో ఒక మాట ఉంది. బురాకు సంగతి ఎత్తకపోతే అదే పోతుందని దాని భావం. "ఈ రోజుల్లో కులం ఎక్కడుంది, మీరే గుర్తుచేస్తున్నారు" అని మనకూ చెప్తారు. ఆ బిడ్డ నిద్రపోవడం లేదు మిత్రులారా. నోరు మూసి పెట్టారు.

ఆ నోరు 1922 మార్చి 3న క్యోటోలో తెరుచుకుంది. బురాకు యువకులు పెట్టుకున్న సంఘం పేరు సుయిహేయిషా. 'సుయిహేయి' అంటే నీటిమట్టం. ఎత్తుపల్లాలు లేని నీళ్ళలాంటి సమాజం కావాలన్నారు. తమకు వేసిన పేరును దాచుకోకుండా, దాన్నే చెప్పుకుని నిలబడ్డారు. తర్వాతి ఏడాది కొరియాలోని జింజులో, కసాయి పని చేసే పెక్‌జోంగ్‌లు సంఘం పెట్టుకున్నారు. దాని పేరులో ఉన్నది తక్కెడ. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువులో దోసిలి పట్టారు. మూడు దేశాల్లో అణగదొక్కిన జనం అయిదేళ్ళలో అడిగింది ఒకటే, సమానం.

బురాకు వివక్షను తొలగించాలని జపాన్ చట్టం చేసింది 2016లో. అంటే 1871 రద్దు తర్వాత 145 ఏళ్ళకు. అందులో శిక్షలు కూడా లేవు.

కాబట్టి ఇకమీద ఎవరైనా జపాన్ పేరు ఎత్తితే కోప్పడకండి. కూర్చోబెట్టి ఈ పల్లె కథ చెప్పండి. వివక్ష పుట్టడానికి వేరే జాతి అక్కర్లేదు. వేరు చేసి ఉంచాలన్న కోరిక, ఒక అడ్రసు, ఈ రెండూ చాలు.

జై భీమ్.